పుట్టిన ఒళ్లు సగం ఒళ్లే

చీరాల, వేటపాలెం చుట్టుపక్కల మగ్గాల మీద ఒకప్పుడు ఒక గళ్ల గుడ్డ తెగ నేసేవాళ్లు. నేసినవాళ్లు మాత్రం దాన్ని కట్టుకునేవాళ్లు కాదు. బేళ్లు కట్టి మద్రాసు పంపితే, అక్కణ్నుంచి ఓడెక్కి పశ్చిమ ఆఫ్రికా పోయేది. వ్యాపారుల నోట దాని పేరు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’. పేరుకు చేతిరుమాలే గానీ నిజానికి నడుముకు చుట్టుకునే గుడ్డ. నైజీరియాలో నైజర్ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, కాలువల మధ్య దీవుల్లో కలాబరి అనే జనం ఉంటారు. వాళ్లు దీన్ని ‘ఇంజిరి’ అంటారు.

ఈ గుడ్డ చేతికొచ్చాక కలాబరి ఆడవాళ్లు చేసే పని చూస్తే మన నేతగాడికి గుండె ఆగినంత పనవుతుంది. సూదితో ఒక పోగు పైకి లేపుతారు, బ్లేడుతో కోస్తారు, మెల్లగా లాగి పారేస్తారు. పక్కన ఇంకో పోగు. మళ్లీ నాలుగు పోగులు వదిలి ఇంకోటి. గుడ్డ మొత్తం ఇలా అయ్యేసరికి రోజులు పడుతుంది. అయ్యాక దాన్ని వెలుగుకెత్తి చూస్తే గళ్ల మధ్య నుంచి సన్నటి జాలీలాగా ఇంకో డిజైన్ తేలి కనబడుతుంది. దీని పేరు ‘పెలెటె బిటె’, అంటే కోసిన గుడ్డ. అంగట్లో కొన్న ఇంజిరికి ఒక మర్యాద ఉంటే, కోసిన ఇంజిరికి అంతకు మించిన మర్యాద. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు శవాన్ని పడుకోబెట్టే మంచాన్ని, ఆ గదిని పెట్టెల్లో తరతరాలుగా దాచిన ఇలాంటి గుడ్డలతోనే సింగారిస్తారు.

బాగున్న గుడ్డను కోయడం ఏమిటి? దీనికి జవాబు దొరికితే ఆఫ్రికా అలంకారాల గురించి మనకుండే చిక్కుముడి సగం వీడినట్టే. నేసిన గుడ్డ ఎవరిదైనా కావచ్చు. కోసిన గుడ్డ కలాబరిది. ఆ ఖండంలో చాలా జాతులు ఒంటిని కూడా ఇదే లెక్కన చూశాయి. పుట్టుకతో వచ్చింది ముడిసరుకు. దాన్ని మనిషిగా చేయాలి, చేసినట్టు కనబడాలి. కనబడే ఆ పనితనానికే అందమని పేరు.

ఆఫ్రికా, ఆఫ్రికా అని ఒక్క మాటలో అనేస్తున్నాను గానీ అది 54 దేశాలు, రెండు వేల దాకా భాషలు. ‘ఆఫ్రికన్ అందం’ అని డబ్బాలో పెట్టి మూత బిగించడానికి అక్కడ ఒక్కటేదీ లేదు. కాబట్టి నాలుగైదు చోట్లకే వెళ్దాం, ఎక్కువసేపు పడమటి వైపే ఉందాం.

ముందు మాటల సంగతి. తూర్పు ఆఫ్రికాలో కోట్లమంది మాట్లాడే స్వాహిలిలో ‘జూరి’ అనే విశేషణం ఉంది. అందమైన పిల్లకూ అదే, పని చక్కగా చేసినవాణ్ని మెచ్చుకోవడానికీ అదే. ఇది మనకు కొత్తేం కాదు. ‘పిల్ల బాగుంది’, ‘కూర బాగుంది’, ‘నువ్వు చేసిందేం బాగాలేదు’ అని మూడు చోట్లా మనమూ ఒకటే మాట వాడేస్తాం. తేడా ఏమిటంటే మనం ఆలోచించకుండా అనేస్తాం, నైజీరియా నైరుతిలోని యోరుబా జనం దాని చుట్టూ ఒక పెద్ద వాదమే కట్టుకున్నారు.

వాళ్ల సామెత ‘ఇవా లెవా’. నడతే అందం అని చెప్పుకోవచ్చు. అయితే ఇవా అన్న మాటకు నడత అనే కాదు, ఉనికి అని కూడా అర్థం. ఒక వస్తువు తాను ఉండాల్సినట్టు ఉంటే అదే దాని అందం అన్నమాట. వాళ్ల జోస్య గాథల్లో ఇవా ఒక ఆడమనిషి, జోస్యానికి అధిపతి అయిన ఒరున్మిలాకు భార్య. చూడ్డానికి చక్కని చుక్క, అలవాట్లు మాత్రం బాగుండవు. ఒరున్మిలా విసిగిపోయాడు, ఆమె ఇల్లు దాటింది. ఆ తర్వాత ఆయన గడప తొక్కేవాళ్లు లేరు, డబ్బు పోయింది, పరువు పోయింది. చివరికి ఆమెను వెతుక్కుంటూ ఊరూరా తిరిగాడు. నడత అని పేరు పెట్టిన మనిషికే నడత సరిగా లేదని చెప్పిన ఈ కథ కట్టినవాళ్లెవరో గానీ వాళ్లకు సంసారం బాగా తెలుసు.

ఈ సామెతను పట్టుకుని ‘చూశారా, పైపై మెరుగులు వాళ్లకు పట్టవు’ అని రాసేవాళ్లున్నారు. అది తప్పు. యోరుబా పెళ్లికి ఒక్కసారి వెళ్లినవాళ్లెవరూ ఆ మాట అనరు. అక్కడ ఆడవాళ్ల తలపాగాలు వెనక వరసవాళ్లకు పెళ్లి కనబడనీయవు. లోపలి నడత బయటికి కనబడాలంటే దానికో ఒళ్లు కావాలి, ఆ ఒళ్లు తీర్చిదిద్దినట్టు ఉండాలి. వాళ్ల ఆలోచన అది.

నాకు ఇది బాగా అర్థమయ్యేలా చేసినవి ‘ఇబెజి’ బొమ్మలు. యోరుబాల్లో కవలలు పుట్టడం ప్రపంచంలో ఇంచుమించు మరెక్కడా లేనంత ఎక్కువ. పాతరోజుల్లో పసిపిల్లలు పోవడమూ ఎక్కువే. కవలల్లో ఒకరు పోతే, జోస్యం చెప్పే పెద్దను అడిగి, తల్లి ఒక శిల్పి దగ్గర జానెడు పొడుగు చెక్కబొమ్మ చేయించుకునేది. ఇక ఆ బొమ్మ ఇంట్లో మనిషే. బతికున్న బిడ్డకు నీళ్లు పోసినప్పుడు దానికీ పోసేది. నోటికి ముద్ద ఆనించేది. ఒంటికి ఎర్ర చెక్క అరగదీసిన పొడి నూనెలో కలిపి రాసేది. జుట్టుకు నీలిరంగు పెట్టేది. ఆ రంగు మొదట్లో చెట్టు నీలి, తర్వాత తర్వాత బట్టలకు పెట్టే సీమ నీలిమందు. నడుముకు పూసల దండ, కొన్నిటికి గవ్వలు కుట్టిన చొక్కా.

ఇప్పుడు ఆ బొమ్మను దగ్గరగా చూడండి. అది పసిబిడ్డలా ఉండదు. ఆడబొమ్మకు నిండు రొమ్ములుంటాయి. చెంపల మీద వంశపు గాట్లుంటాయి. జుట్టు ఎత్తుగా, పాయలు పాయలుగా కట్టి ఉంటుంది. పోయింది పొత్తిళ్లలో బిడ్డ, శిల్పి చెక్కింది పెరిగి పెద్దయిన మనిషిని. ఆ బిడ్డకు ఇంకా జరగని సింగారమంతా, పడని గాట్లన్నీ, కట్టని జడలన్నీ చెక్కలో ముందే చేసి పెట్టాడు. చాలా బొమ్మలకు ముఖం అరిగిపోయి ఉంటుంది, ముక్కు ఎక్కడో కళ్లెక్కడో తెలియదు. ఏళ్ల తరబడి కడిగి, తుడిచి, నూనె రాసిన వేళ్ల వల్ల వచ్చిన అరుగుదల అది. అలా అరిగిన బొమ్మలోనూ జడ గీతల సందుల్లో నీలం మిగిలే ఉంటుంది. మ్యూజియం అద్దాల పెట్టెలో మాత్రం దాని కింద ‘చెక్క, పూసలు, రంగు’ అని రాసి ఉంటుంది. ఆఫ్రికా శిల్పాలను మనం ఎక్కువగా చూసేది ఇలా కడిగేసిన స్థితిలోనే. గుడ్డ తీసేసి, నూనె తుడిచేసి, తెల్లగోడకు ఆనించి.

చెంపల గాట్ల దగ్గరికి వద్దాం. బయటివాళ్లకు ముందుగా భయం పుట్టించేది ఇదే. యోరుబాలో నాగరికతకు వాడే మాట ‘ఒలాజు’. అందులో ‘లా’ అంటే చీల్చడం, తెరవడం. ‘ఓజు’ అంటే కన్ను, ముఖం కూడా. కళ్లు తెరుచుకోవడం అని ఒక అర్థం చెబుతారు. ముఖం మీద గీత పడటం అని కళాచరిత్రకారులు ఇంకో అర్థం తీశారు. అడవిని చీల్చి బాట వేయడం, నేలను చీల్చి చాలు తీయడం, చర్మం మీద గాటు పెట్టడం ఒకే కుదురు నుంచి వచ్చిన ఊహలన్నమాట. ఐవరీ కోస్ట్‌లోని బౌలే జనానికీ ఇలాంటి ఆలోచనే ఉంది. అడవిలో తిరిగే జంతువుకు గాట్లుండవు, ఊళ్లో బతికే మనిషికి ఉంటాయి. కాంగోలోని లూబా ఆడవాళ్ల ఒంటి మీద గాట్ల వరసలు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి, వేళ్లతో తడిమి చూసుకునేలా ఉబ్బుగా ఉంటాయి. మన ఊళ్లలో ముసలమ్మల చేతుల మీది పచ్చబొట్టు కంటితో చూసేది. వీళ్లది చేత్తో కూడా చదివేది.

యోరుబాల పవిత్ర నగరం ఇఫేలో దొరికిన శిల్పపు తలల్లో చాలావాటి మీద ఇలాంటి గీతలే కనబడతాయి. నుదుటి నుంచి గడ్డం దాకా, సన్నగా, సమానమైన ఎడంతో, దువ్వెనతో గీసినట్టు. 1910లో లియో ఫ్రొబెనియస్ అనే జర్మన్ అక్కడికి వచ్చి ఈ పనితనం చూసి, ఇది ఇక్కడి వాళ్ల వల్ల అయ్యే పని కాదని, సముద్రంలో మునిగిందని కథల్లో చెప్పే అట్లాంటిస్ దీవి వారసత్వమని తేల్చేశాడు. 1938లో ఇఫేలో ఒక ఇంటి ఆవరణలో పునాదులు తవ్వుతుంటే అలాంటి ఇత్తడి తలలు ఇంకా చాలా బయటపడ్డాయి. ఇప్పటికి సుమారు ఆరేడు వందల ఏళ్ల కిందటివి, యూరపు ఓడలు ఆ తీరం చూడకముందువి. చేసింది అక్కడివాళ్లేనని ఇప్పుడెవరికీ సందేహం లేదు. ఆ తలలకు పెదవుల చుట్టూ, జుట్టు మొదలయ్యే చోట సన్నటి రంధ్రాలుంటాయి. శిల్పం పూర్తయిందని మనం అనుకునేచోట వాళ్ల పని ఇంకా మిగిలి ఉండేదన్నమాట. ఆ రంధ్రాలకు ఏదో ఒకటి తగిలించాలి.

ఇంతా చెప్పి గాట్లను మెచ్చుకుని వదిలేస్తే అన్యాయం. కత్తి కింద ముఖం పెట్టేది పసివాళ్లు, వాళ్లనెవరూ అడగరు. నైజీరియా 2003 నాటి బాలల హక్కుల చట్టం పిల్లల ఒంటి మీద పచ్చబొట్లు, గాట్లు పెట్టడాన్ని నేరం చేసింది. నగరాల్లో ఇప్పటి కుర్రాళ్ల చెంపలు నున్నగానే ఉంటాయి, తాతల ఫొటోల్లో గీతలుంటాయి.

ఇదే తకరారు సియెర్రా లియోన్‌లో ఇంకా గట్టిగా ఎదురవుతుంది. అక్కడి మెండె ఆడవాళ్లకు ‘సాండె’ అని ఒక సంఘం ఉంది. ఈడొచ్చిన పిల్లలను కొన్నాళ్లు విడిగా ఉంచి, ఆడతనం అంటే ఏమిటో నేర్పి, కొత్త మనుషులుగా ఊళ్లోకి తెస్తుంది. ఆ రోజు ‘సొవెయి’ ముసుగు ఆడుతుంది. తలంతా కప్పే చెక్క ముసుగు, కింద ఒళ్లు కనబడకుండా నల్ల నారల దుస్తులు. ఆఫ్రికాలో చెక్క ముసుగులు వేసుకుని ఆడేది దాదాపు అన్నిచోట్లా మగవాళ్లే. ఇక్కడ చెక్కేది మగవాడు, వేసుకునేది ఆడది.

ఆ ముసుగు ముఖం మెండె వాళ్ల అందం లెక్కంతా చెబుతుంది. నుదురు పెద్దగా, నున్నగా. కళ్లు వాలి, సగం మూసుకుని. నోరు చిన్నది, గట్టిగా మూసినది, ఎందుకంటే ఇంటి గుట్టు దాటనివ్వని నోరు అందమైన నోరు. జడల అల్లిక ఎంత చిక్కగా ఉంటే అంత గొప్ప, ఎందుకంటే మనకు జడ వేసి పెట్టేవాళ్లు మనకున్నారని దాని అర్థం. మెడ చుట్టూ ఒకదాని మీద ఒకటి మడతలు. ఇవి తిండికి లోటులేని ఒంటికి గుర్తు అంటారు, ఆ ముసుగులోని ఆత్మ నీళ్లలోంచి పైకి లేచినప్పుడు మెడ చుట్టూ లేచిన అలలు అని కూడా అంటారు. రంగు నలుపు, మామూలు నలుపు కాదు, తాటినూనె పట్టించి పట్టించి తెచ్చిన నిగనిగలాడే నలుపు. పెళ్లిచూపులకు ముందు పిల్లకు ఫెయిర్‌నెస్ క్రీము రాసే మన ఇళ్లలో ఒకసారి ఈ ముసుగు ఫొటో తగిలించాలనిపిస్తుంది. అలాగని వాళ్లేదో తప్పించుకున్నారని కాదు, తెల్లబరిచే క్రీముల అంగళ్లు పశ్చిమ ఆఫ్రికా నగరాల్లోనూ కిటకిటలాడుతున్నాయి.

మరి తకరారు ఎక్కడ? ఈ దీక్షలో భాగంగా ఆడపిల్లల జననాంగాన్ని కోయడం కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి, బతికినంతకాలం బాధపడేవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానవ హక్కుల ఉల్లంఘన అంటుంది. ముసుగు, పాట, చదువు అన్నీ ఉంచి కోత ఒక్కటి తీసేయాలని ఆ దేశంలోని ఆడవాళ్లే పనిచేస్తున్నారు. ‘ఒంటిని మనిషిగా చేయడం’ అనే మాట వినసొంపుగానే ఉంటుంది. చేసేదెవరు, భరించేదెవరు అని అడిగేదాకా.

అలంకారమంటే ఆడవాళ్ల విషయమే అనుకునేవాళ్లు నైజర్ దేశం దాకా రావాలి. అక్కడ పశువుల మందలతో తిరిగే వొడాబే జనంలో వానాకాలం చివర ‘గెరెవోల్’ జరుగుతుంది. కుర్రాళ్లు చేతి అద్దం పట్టుకుని గంటలకొద్దీ తయారవుతారు. ముఖానికి రంగు పొడి, ముక్కు కోటేరులా కనబడాలని దాని మీద నిలువు గీత, కన్ను తెల్లదనం పన్ను తెల్లదనం మెరవాలని కళ్లకూ పెదవులకూ నల్లరంగు. తలమీద ఉష్ట్రపక్షి ఈక. వరసగా నిలబడి, మునివేళ్ల మీద లేచి, కనుగుడ్లు తిప్పుతూ పళ్లు మెరిపిస్తూ గంటలు గంటలు ఆడతారు. ఎవరు అందగాడో తేల్చేది ఆడపిల్లలు. పెద్దగా నవ్వకుండా, తల వంచుకుని, ఓరగా చూసి తేలుస్తారు.

ఇక పూసలు. ‘అనాదిగా వస్తున్న ఆఫ్రికా పూసలు’ అనే మాట సగం నిజం. దక్షిణాఫ్రికా తీరంలో బ్లాంబోస్ గుహలో 75 వేల ఏళ్ల కిందటి చిన్న నత్తగుల్లలు దొరికాయి, దారం రాపిడికి రంధ్రాల అంచులు అరిగి ఉన్నాయి. అంత పాతది ఆ అలవాటు. కానీ కెన్యా, టాంజానియాల్లోని మసాయి ఆడవాళ్ల మెడల్లో కనబడే రంగురంగుల గాజుపూసలు చాలావరకు చెక్ దేశంలో తయారైన సరుకు. పశ్చిమ ఆఫ్రికా గవ్వలు ఎక్కువగా మాల్దీవుల నుంచి వచ్చినవి. ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యపు రాజు ఒంటి నిండా ధరించే పగడాలు పోర్చుగీసు ఓడల్లో కూడా దిగాయి. ఆ రాజ్యానికి చెందిన రాజమాత ఇదియా దంతపు ముఖం ఒకటి ఉంది, 16వ శతాబ్దం నాటిది. నుదుటి మీద గాట్ల గుర్తుగా రెండు నిలువు గుంటలు చెక్కి వాటిలో ఇనుము పొదిగారు, తల చుట్టూ కిరీటంలా గడ్డాల పోర్చుగీసు ముఖాలు చిన్నచిన్నవి చెక్కారు. సరుకు తెచ్చినవాళ్లనే నగ చేసి పెట్టుకున్నారు! 1897లో బ్రిటిష్ సైన్యం ఆ నగరాన్ని తగలబెట్టి దోచుకున్నదాంట్లో ఆ ముఖమూ పోయింది. 1977లో లాగోస్‌లో జరిగిన ఆఫ్రికన్ కళల పండగకు దాన్నే చిహ్నంగా పెట్టుకుని, అరువివ్వమని అడిగితే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు.

వస్తువు ఎక్కడిదన్నది కాదు లెక్క, దాన్ని ఏం చేశారన్నది. చీరాల గుడ్డ మీద బ్లేడు పని ఇదే.

చూసేవాడు మారితే ఏమవుతుందో ఇథియోపియాలో ఓమో నది దగ్గర తెలుస్తుంది. ముర్సి ఆడపిల్లకు పదిహేను, పదహారేళ్లప్పుడు కింది పెదవికి గాటు పెట్టి, చెక్క పుల్ల దూర్చి, నెలల తరబడి సాగదీసి, మట్టి పళ్లెం పెడతారు. ఎంతవరకు సాగదీయాలన్నది చాలావరకు ఆ పిల్ల ఇష్టం. బానిసల వేటగాళ్లకు వికారంగా కనబడాలని ఇది మొదలుపెట్టారని ఒక కథ పత్రికల్లో తిరుగుతూ ఉంటుంది. దానికి ఆధారం లేదని అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ టర్టన్ రాశాడు. ముర్సిలకు అది పెద్దరికం. మగవాళ్లకు అన్నం పెట్టేటప్పుడు, ఆవు పాలు పితికేటప్పుడు, పెళ్లిళ్లలో, కర్రసాము పోటీల్లో పెట్టుకుంటారు. మిగతావేళల్లో తీసి పక్కన పెడతారు.

టూరిస్టు జీపు వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకుంటారు. ఫొటోకు ఇంత అని రేటు. దానికితోడు ఊళ్లో ఏ రోజూ పెట్టుకోని కొమ్ములు, బుట్టలు కూడా తలకెక్కుతాయి, ఎందుకంటే వింతగా ఉన్నవాళ్లనే కెమెరా ఎంచుకుంటుంది. తర్వాత ఆ ఫొటో ‘వేల ఏళ్ల సంప్రదాయం’ అన్న శీర్షికతో మన వాట్సాప్‌లోకి వస్తుంది. ఆ కొమ్ముల వయసు జీపు వయసంతే.

చూసేవాళ్ల దగ్గర అధికారం కూడా ఉంటే పేచీ ఇంకోలా నడుస్తుంది. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక బాలికల హైస్కూల్లో నల్లపిల్లలు రోడ్డెక్కారు. వాళ్ల జుట్టు పుట్టినట్టే వదిలేస్తే చింపిరిగా ఉందంటున్నారని, సరిచేసుకు రమ్మంటున్నారని గొడవ. పెంచి పాయలు తీసి అల్లుకోవడమే తరతరాల శుభ్రత అయిన చోట, శుభ్రత అంటే ఏమిటో ఇంకెవరో నిర్ణయించారు. దేశం మొత్తం దాని మీద మాట్లాడుకుంది.

నైజీరియా ఫొటోగ్రాఫర్ ఒఖాయి ఒజెయికెరె 1968లో ఆడవాళ్ల జడలు ఫొటో తీయడం మొదలుపెట్టి, వెయ్యి దాకా తీశాడు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, నలుపు తెలుపు ఫిల్ము, చాలావాటిలో మనిషి వెనక నుంచి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త, లాగోస్ ఆకాశంలోకి భవనాలు లేస్తున్నాయి. వాటితోపాటు జడలూ లేచాయి. దారం చుట్టి నిటారుగా నిలబెట్టిన పాయలన్నిటినీ నడినెత్తిన కలిపి కట్టిన ఒక జడ ఉంది, దాని పేరు ‘ఒనిలే గొగొరో’, అంటే ఎత్తైన ఇంటి ఆసామి. ఆ ఫొటో 1975 నాటిది. దగ్గరగా చూస్తే ప్రతి పాయ మొదట్లో పాపిట గీత తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంటుంది, మెడ మీద ఒక్క వెంట్రుక తప్పించుకోలేదు. అది కట్టినామె పేరు ఎక్కడా లేదు. కొన్ని వారాలు గడిచాక తల కడుక్కోవడానికి ఆ ఇల్లు విప్పేసే ఉంటారు.